స్టార్ వార్స్ ఆర్పీజీ: ఎడ్జ్, ఏజ్, ఫోర్స్ మూడిట్లో ఒక్కటే కొనాలంటే ఏది?

మియాపూర్_మాస్టర్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్.

మేం ఆరుగురం. జీఎమ్ (కథ నడిపేవాడు) నేనే, ప్లేయర్లు ఐదుగురు. ఒకప్పుడు అందరిదీ ఒకే ఆఫీసు, ఇప్పుడు తలో కంపెనీ, అయినా ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ చేరడం మాత్రం మానలేదు. మూడేళ్ళు డీ అండ్ డీ (తలో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపించే ఆట, ఆర్పీజీ అంటే అదే) ఆడి ఆడి ఇప్పుడు డ్రాగన్ పేరెత్తితే చాలు ఆవలింతలొస్తున్నాయి, అందుకని ఈసారి స్టార్ వార్స్ అని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం వరకూ బానే ఉంది. తీరా చూస్తే ఫాంటసీ ఫ్లైట్ అనే కంపెనీ వాళ్ళది ఒక ఆట కాదు, మూడు! ఎడ్జ్ ఆఫ్ ద ఎంపైర్ 2013లో, ఏజ్ ఆఫ్ రెబెలియన్ 2014లో, ఫోర్స్ అండ్ డెస్టినీ 2015లో. లోకం ఒకటే, రూల్సు ఒకటే, డైస్ ఒకటే, పుస్తకాలు మాత్రం మూడు, ఒక్కోటి 450 పేజీల దగ్గర ఇటుకరాయిలా ఉంది. అసలు రేటే అప్పట్లో 59.95 డాలర్లు, మన గుమ్మం దాకా వచ్చేసరికి షిప్పింగు, కస్టమ్సు అన్నీ తగులుకుంటాయి, పైగా అధికారికంగా పీడీఎఫ్ అమ్మలేదంట. కాబట్టి మూడూ కొనే సీన్ లేదు. ఒక్కటే.

ఇప్పుడు గొడవ ఏంటంటే, ఇద్దరికి స్మగ్లర్లు కావాలి. డొక్కు ఓడ, వెనకాల పోలీసులు, జేబులో దొంగ సరుకు, ఆ టైపు. ఒకడు కాలేజీలో ఎన్‌సీసీ చేశాడు, వాడికి యుద్ధం, మిషన్లు, ర్యాంకులు కావాలి. మా మరదలికి డ్రాయిడ్ (రోబో) ఉంటే చాలు, ఏ పుస్తకమైనా పర్లేదంది (దేవత). మిగిలింది మా బావ. బావకి లైట్‌సేబర్ (ఆ వెలిగే కత్తి) కావాలి. వేరే ఏం చెప్పినా వినడు. లైట్‌సేబర్ లేని స్టార్ వార్స్ ఏంట్రా, కారం లేని ఆవకాయలాగ, అన్నాడు.

ఎక్కడ చదివినా మూడూ కంపాటబుల్ అని రాశారు. కంపాటబుల్ అంటే ఎంత? ఒక ఫోన్ చార్జర్ ఇంకో ఫోన్‌కి పెడితే ఎక్కుతుంది గానీ పొద్దుటి దాకా 40 శాతం కూడా దాటదు చూడండి, అలాంటి కంపాటబులా? నిజంగా ఆడినవాళ్ళు చెప్పండి. ఆ బొమ్మల డైస్ సంగతి కూడా ఎవరైనా చెప్తే పుణ్యముంటుంది.

ఈసీఐఎల్_కాకా:

ఎడ్జ్ తీస్కో భాయ్. ఎక్కువ సోచాయించకు.

ఎందుకో చెప్త ఇను. ఈ మూడు పుస్తకాలల్ల కెరీర్లు, ఓడలు, తుపాకులు ఇవన్ని పైపై తేడాలు. అసలు తేడా ఒక్కటే, ఒక్కోదాంట్ల ఒక్కో మీటర్ ఉంటది. ఎడ్జ్‌ల ఆబ్లిగేషన్, ఏజ్‌ల డ్యూటీ, ఫోర్స్‌ల మొరాలిటీ. నువ్వు కొనేది పుస్తకం కాదు, ఆ మీటర్. మీ టేబుల్ మీద ప్రతి ఆదివారం ఏ చింత కూసోవాల్నో అది ఆలోచించు, పుస్తకం దానంతటదే తేలుతది.

ఆబ్లిగేషన్ ఎట్ల పనిజేస్తదంటే, మీరు ఐదుగురు ప్లేయర్లు కాబట్టి ఒక్కొక్కనికి 10తోని మొదలైతది, కలిపి 50. సెషన్ షురూ చేసే ముంగట జీఎమ్ వంద లెక్కన డైస్ ఏస్తడు. 50 లోపట పడ్డదా, ఎవని వంతుల పడ్డదో వాని అప్పు ఆ దినం వచ్చి తలుపు కొడ్తది. వాని స్ట్రెయిన్ థ్రెషోల్డ్ (ఎంత ఒత్తిడి తట్టుకుంటడో ఆ లెక్క) 2 తగ్గుతది, మిగిలినోళ్ళది 1 తగ్గుతది. అంటే చేసింది ఒకడు, నెత్తి నొప్పి అందరికి. 11, 22, 33 గిట్ల జోడి అంకెలు పడ్డయనుకో, దెబ్బ డబుల్. లెక్క జూస్కుంటే రెండు ఆదివారాలల్ల ఒక ఆదివారం ఎవడో ఒకడు బుక్కైతడు.

ఇగ ఆబ్లిగేషన్ అంటే ఒట్టి పైసల అప్పే కాదు. కుటుంబం ఉంటది, బ్లాక్‌మెయిల్ ఉంటది, తల మీద రేటు ఉంటది, ఎవనికో పడ్డ మొహమాటం ఉంటది. మనోళ్ళకు ఇది సమజ్ చేపియ్యాల్నా చెప్పు? పుట్టినకాడికెల్లి గీ మీటర్ మీదనే బతుకుతున్నం. మా టేబుల్ మీద ఒకామె ఫ్యామిలీ తీస్కున్నది. ఆమె తమ్ముడు హట్ (ఆ లోకంల డాన్) దగ్గర చిట్టీ ఎత్తి కట్టకుండ జంప్ అయ్యిండు, షూరిటీ సంతకం ఈమెది. అంతే. ఆర్నెల్లు నేను ప్లాట్ రాసుడే బంద్ జేసిన, ఆ దొంగ తమ్ముడే కథ నడిపిచ్చిండు.

ఇంకో మజా ఏందంటే, క్యారెక్టర్ చేసుకునేటప్పుడే ఎక్కువ అప్పు నెత్తికెత్తుకోవచ్చు. 5 మీదేసుకుంటే 5 ఎక్స్‌పీ (క్యారెక్టర్‌ను పెంచుకునే పాయింట్లు) లేకుంటే 1000 క్రెడిట్లు (ఆ లోకం పైసలు), 10 మీదేసుకుంటే 10 ఎక్స్‌పీ లేకుంటే 2500 క్రెడిట్లు. మామూలుగ చేతికొచ్చేది 500 క్రెడిట్లే, అందుకని పోరగాండ్లు ఎగవడి తీస్కుంటరు, మొదటి నెలనే క్రెడిట్ కార్డు గీకినట్టు. గ్రూపు మొత్తం 100 దాటితే మాత్రం ఎవ్వడు ఎక్స్‌పీ ఖర్చు పెట్టనీకి లేదు, గది యాదికి పెట్టుకో.

స్మగ్లర్లు ఇద్దరన్నవ్. డ్రాయిడ్ ఒకటి. ఐదుగుర్ల ముగ్గురు ఎడ్జ్ పార్టీనే. ఇంకేంది?

రాత్రి_పాచికలు:

కాకా మీటర్ గురించి చెప్పింది నూటికి నూరు కరెక్ట్, నేను కూడా అదే చెప్పేదాన్ని. కానీ బావగారిని గాలికొదిలేశారు, ఎన్నికలు పెట్టినట్టు మెజారిటీ లెక్కేస్తే ఎలా? ఒక్క ప్లేయర్ మొహం మాడ్చుకుని కూర్చున్నా ఆదివారం పాడవుతుంది, మూడేళ్ళు ఫోర్స్ అండ్ డెస్టినీ నడిపినదాన్ని, నాకు తెలుసు.

ఎడ్జ్‌లో ఫోర్స్ (జెడైలు వాడే అతీంద్రియ శక్తి) అసలు లేదని కాదు. ఫోర్స్ సెన్సిటివ్ ఎక్జైల్ అని ఒక స్పెషలైజేషన్ ఉంది, ఏ కెరీర్ వాళ్ళైనా 20 ఎక్స్‌పీ పెట్టి రెండోదిగా కొనుక్కోవచ్చు, ఫోర్స్ రేటింగ్ 1 వస్తుంది. కానీ ఆ పుస్తకంలో పవర్లు మూడే, సెన్స్, ఇన్‌ఫ్లుయెన్స్, మూవ్. సామాన్ల లిస్టులో లైట్‌సేబర్ కూడా కనబడుతుంది, డ్యామేజ్ 10, క్రిటికల్ 1 (ఈ అంకె ఎంత తక్కువైతే అంత ప్రమాదం), ధర 10,000 క్రెడిట్లు. చేతిలో ఉండేది 500. పోనీ ఎలాగోలా సంపాదించాడే అనుకుందాం, దాన్ని తిప్పే స్కిల్లే ఆ పుస్తకంలో ఇవ్వలేదు! ఒట్టి కండబలం మీద ఊపుకోవాలి. బంగారు గొడ్డలితో కట్టెలు కొట్టినట్టుంటుంది.

ఫోర్స్ అండ్ డెస్టినీలో అదే లైట్‌సేబర్ డ్యామేజ్ 6, క్రిటికల్ 2తో మొదలవుతుంది. లోపలి క్రిస్టల్‌కి మార్పులు చేసుకుంటూ పోతే మెల్లగా 10 దాకా వెళ్తుంది, ఆ వెళ్ళడమే సగం ఆట. పైగా ఆరు రకాల యుద్ధ పద్ధతులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో గుణం, ఒకరు తెలివితో తిప్పుతారు, ఒకరు చురుకుతో, ఒకరు మనోబలంతో, ఇంకొకరు మోసంతో. సో మీ కంపాటబుల్ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది చూడండి: రెండు పుస్తకాల్లోనూ వస్తువు పేరు ఒకటే, అంకెలు వేరు. ఎడ్జ్ లైట్‌సేబర్‌ని ఫోర్స్ క్యారెక్టర్ చేతిలో మొదటిరోజే పెడితే ఇక వాడికి ఎదగడానికి ఏమీ మిగలదు. ఎవరూ చెప్పరు ఈ మాట, నేను చేసి ఏడ్చాను కాబట్టి చెప్తున్నా.

ఫోర్స్ డై గురించి కూడా చెప్పాలి, నాకు ఈ సిస్టమ్ మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది అదే. తెల్లది, 12 మొహాలు. 7 మొహాల మీద నల్ల చుక్కలు, 5 మొహాల మీదే తెల్ల చుక్కలు. కానీ తెల్లవాటిలో మూడిటి మీద జంట చుక్కలుంటాయి, నల్లవాటిలో ఒక్కదాని మీదే. అన్నీ కలిపి లెక్కపెడితే చెరి ఎనిమిది, సమానం. అంటే చీకటి తరచుగా పిలుస్తుంది కానీ కొంచెం కొంచెంగా ఇస్తుంది, వెలుగు ఎప్పుడో గానీ రాదు, వస్తే దండిగా వస్తుంది. నల్ల చుక్క వాడుకోవాలంటే ఒక డెస్టినీ పాయింట్ (టేబుల్ అంతటికీ ఉమ్మడి పాయింట్) తిప్పాలి, స్ట్రెయిన్ పడుతుంది, కాన్‌ఫ్లిక్ట్ (తప్పుల లెక్క) పడుతుంది. మిత్రుడు కిందపడబోతున్నాడు, డై మీద నల్లచుక్కే పడింది, వాడాలా వద్దా? ఆ క్షణంలో టేబుల్ అంతా నిశ్శబ్దం. దానికోసమే మూడేళ్ళు ఆడాం.

మరి అంత నచ్చితే అదే కొనమంటావా అంటే, మీకు కాదు. ఆ పుస్తకంలో ఉన్న ఆరు కెరీర్లూ ఫోర్స్ వాళ్ళవే. ఒక్క బావగారి కోసం అది కొంటే, ఇంట్లో ఒకరికి షుగరుందని వచ్చిన చుట్టాలందరికీ చప్పటి కాఫీ ఇచ్చినట్టు. ఇంకా మొరాలిటీ మీటర్ నాకు కొంచెం అసంతృప్తే. 50తో మొదలవుతుంది, సెషన్ చివర పది మొహాల డై వేసి అందులోంచి కాన్‌ఫ్లిక్ట్ తీసేస్తాం, 70 దాటితే పుణ్యాత్ముడు, 30 కిందికి పోతే చీకట్లోకి. మా దగ్గర ఒకతను ఏ జోలికీ పోకుండా చిప్స్ తింటూ కూర్చుని నాలుగు సెషన్లలో 70 దాటేశాడు. తర్వాత నేను రూలు బిగించాల్సొచ్చింది, పరీక్ష ఎదురైనవాళ్ళే డై వెయ్యాలని.

ఒకటి మాత్రం బావగారిని అడగండి, ఆయనకి కావాల్సింది జెడై (ఫోర్స్ సాధన చేసే యోధుడు) అవ్వడమా, చేతిలో లైట్‌సేబరా? రెండూ ఒకటి కావు.

ట్యాంక్‌బండ్_ట్రయంఫ్:

బావకి ట్యూబ్‌లైట్ ఇవ్వండి. సమస్య తీరిపోద్ది.

సైనిక్‌పురి_స్పై:

ఏజ్ ఆఫ్ రెబెలియన్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదు కాబట్టి నేను రెండు ముక్కలు. 

డ్యూటీ అనేది ఆబ్లిగేషన్‌కి తిరగేసిన చొక్కా. డైస్ వేసే పద్ధతి అదే, కానీ పేరు పడితే నష్టం కాదు లాభం, ఆ మనిషికి వూండ్ థ్రెషోల్డ్ (ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో ఆ లెక్క) 2 పెరుగుతుంది, మిగతావాళ్ళకి 1. మిషన్లు చేసేకొద్దీ డ్యూటీ పెరుగుతుంది, గ్రూపు మొత్తం 100కి చేరితే అందరికీ కంట్రిబ్యూషన్ ర్యాంకు ఒకటి పైకి, కొత్త సామానో ఓడో ఇస్తారు, మళ్ళీ సున్నా నుంచి మొదలు. ప్రమోషన్ వచ్చాక కొత్త టార్గెట్ షీట్ చేతిలో పెట్టినట్టు, ఆఫీసులో పనిచేసే ఎవరికైనా అర్థమవుతుంది.

జీఎమ్‌కి టైం లేకపోతే ఇదే సుఖం. పైనుంచి ఆర్డర్ వచ్చింది, వెళ్ళండి, అంతే. డెత్ స్టార్ (ఎంపైర్ వాళ్ళ మహా ఆయుధం) పేలిన కొత్తలో తిరుగుబాటుదారులు ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగే రోజులు, పని కొరత ఉండదు. ఇబ్బంది ఎక్కడంటే, స్మగ్లర్ మనస్తత్వం ఉన్నవాళ్ళకి ఆర్డర్లంటే ఒళ్ళుమంట. మా వాళ్ళలో ఇద్దరు ప్రతి బ్రీఫింగ్‌లోనూ టీఏ డీఏ ఎంత అని అడిగేవారు. అడగటమే కాదు, ఇవ్వకపోతే రెబెల్ బేస్‌లో డీజిల్ అమ్ముకున్నారు. (డీజిల్ కాదులెండి, ఫ్యూయెల్ సెల్స్.) నాలుగో సెషన్‌కి నేను చేతులెత్తేశా. మీ గ్రూపులో స్మగ్లర్లు ఇద్దరున్నారు కదా, ఆలోచించుకోండి.

అబిడ్స్_ఫుట్‌పాత్:

కంపాటబుల్ అన్న మాట మీద నాకు పాత పగ ఉంది, చెప్పుకోనివ్వండి.

కొన్నేళ్ళ క్రితం అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల్లో వార్‌హామర్ 40,000 అనే ఇంకో లోకం ఆర్పీజీ, రోగ్ ట్రేడర్ దొరికింది నాకు, అట్ట చిరిగి, ఎవరో పెన్సిల్‌తో లెక్కలేసుకుని ఉంది. అప్పటికే నా దగ్గర డార్క్ హెరెసీ ఉంది. ఇదీ అదే కథ, ఒకే చీకటి లోకం, వంద లెక్కన ఒకే రకం డైస్, వరసగా పుస్తకాలు, 2008లో డార్క్ హెరెసీ, 2009లో రోగ్ ట్రేడర్, 2010లో డెత్‌వాచ్. వాళ్ళూ కలుపుకోవచ్చనే అన్నారు. సరే అని ఒక ఫ్రెండు దగ్గర డెత్‌వాచ్ కూడా తెచ్చి ముగ్గురిని మూడు పుస్తకాల నుంచి ఒకే టేబుల్ మీద కూర్చోబెట్టా. డార్క్ హెరెసీ వాడు 400 ఎక్స్‌పీతో మొదలవుతాడు. రోగ్ ట్రేడర్ వాడి లెక్క 5000. డెత్‌వాచ్ స్పేస్ మెరీన్ (సూపర్ సైనికుడు) లెక్క 13,000. ఇంకేముంది, గల్లీ క్రికెట్‌లోకి రంజీ ప్లేయర్‌ని దింపినట్టయింది. మొదటి ఫైట్‌లో మెరీన్ ఒక్కడే అందర్నీ లేపేశాడు, డార్క్ హెరెసీ తీసుకున్న అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. తర్వాత వారం రాలేదు. ఆ తర్వాత మేమే పెట్టుకోలేదు.

అందుకే ఎవరు కంపాటబుల్ అన్నా నేను ఒకటే అడుగుతా, మొదటిరోజు అందరూ ఒక ఎత్తులో ఉంటారా? స్టార్ వార్స్ మూడిట్లో ఉంటారు. ఏ పుస్తకం తెరిచినా మనిషికి 110 ఎక్స్‌పీ; డ్రాయిడ్లున్న ఎడ్జ్, ఏజ్ రెండిట్లోనూ డ్రాయిడ్‌కి 175 (దాని గుణాలన్నీ 1 దగ్గర మొదలవుతాయి కాబట్టి ఎక్కువ ఇచ్చారు, మీ మరదలు కంగారు పడొద్దని చెప్పండి). వేరే లైన్ స్పెషలైజేషన్ కొనాలన్నా లెక్క ఒకటే. కాబట్టి చార్జర్ సామెత ఇక్కడ చెల్లదు, ఫుల్ స్పీడ్‌లోనే ఎక్కుతుంది.

మియాపూర్_మాస్టర్:

అమ్మో, ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ థాంక్స్.

బావని అడిగా, జెడై కావాలా లైట్‌సేబర్ కావాలా అని. చాలాసేపు ఆలోచించి, నాకు ధ్యానం అవీ వద్దురా, నా దగ్గర అది ఉందని పదిమందికీ తెలిస్తే చాలు, అన్నాడు. సో పద్మవ్యూహం కొంత విడిపోయినట్టే ఉంది. 

రెండు డౌట్లు. ఒకటి, మూడు మీటర్లూ కలిపి పెట్టేస్తే? స్మగ్లర్లకి ఆబ్లిగేషన్, ఎన్‌సీసీ వాడికి డ్యూటీ, బావకి మొరాలిటీ, ఎవరిది వాళ్ళకి. వినడానికి బాగుంది కదా? రెండోది డైస్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈసీఐఎల్_కాకా:

వద్దు భాయ్ వద్దు. పుస్తకాలల్ల కలుపుకోవచ్చు అనే ఉంటది, నేను కాదంటలేను. కానీ ఒకనికి అప్పు పెరిగితే నష్టం, పక్కోనికి డ్యూటీ పెరిగితే లాభం, ఇంగొకనికి సెషన్ ఎండింగ్‌ల వేరే డైస్. నువ్వు జీఎమ్ కాదు, అకౌంటెంట్ అయితవ్. క్యారెక్టర్లను ఏడికెల్లి అన్న తెచ్చుకో, మీటర్ మాత్రం ఒక్కటే పెట్టు.

ఎన్‌సీసీ తమ్మునికి ఎడ్జ్‌లనే హయర్డ్ గన్ కెరీర్ ఉంది, దాంట్ల మెర్సెనరీ సోల్జర్ అని పక్కా ఫౌజీ స్పెషలైజేషన్. ఆబ్లిగేషన్ లిస్టుల డ్యూటీబౌండ్ అని కూడ ఉన్నది, అంటే ఏదో సైన్యానికో సంస్థకో కట్టుబడి ఉన్నోడు. రెబెల్స్ నడుమ నడుమ ఫోన్ చేసి పిలుస్తనే ఉంటరు, లీవ్ ఇయ్యరు. వానికి కావల్సిన మిషన్లు గట్ల వస్తయి, వేరే పుస్తకం ఎందుకు?

బావకు కూడ ఉపాయం ఉంది నా దగ్గర. లైట్‌సేబర్ ఆయనదే. ఉన్నది. కానీ తాకట్టుల ఉన్నది.

రాత్రి_పాచికలు:

కాకా!!! తాకట్టు!!! నేను ఇది దొంగిలిస్తున్నా.

అయితే నేను పైన చెప్పిన అంకెలు రాసుకోండి, డ్యామేజ్ 6, క్రిటికల్ 2, బ్రీచ్ 1. బ్రీచ్ 1 అంటే అవతలివాడి సోక్‌లో (దెబ్బని తగ్గించే అంకెలో) 10 దాకా లెక్కలోకి రాదు, అంటే మామూలు మనిషి వేసుకునే ఏ కవచమూ ఆగదు, అదొక్కటే చాలు భయపెట్టడానికి. ఎడ్జ్ లిస్టులో ఉన్న 10 ఇవ్వకండి. లైట్‌సేబర్ స్కిల్ అనేది కండబలం మీద నడిచే మామూలు కొట్లాట స్కిల్‌లాగే ఉంటుంది, షీటు మీద ఒక గీత ఎక్కువ రాసుకుంటే సరి, దానికోసం 450 పేజీలు కొనక్కర్లేదు. ఎప్పుడో ఏడాది తర్వాత బావగారు ధ్యానం మీదికి దిగితే అప్పుడు కొందురుగాని.

డైస్. ప్యాక్‌లో 14 ఉంటాయి, ఆరుగురు తిప్పుకోవాలంటే రెండు ప్యాకులుంటే బెటర్. ఆకుపచ్చ, పసుపు, నీలం మీవి, ఊదా, ఎరుపు, నలుపు మీకు అడ్డుపడేవి. గుణం 3, స్కిల్ 2 అనుకోండి, పెద్ద అంకె ఎంతో అన్ని డైస్, చిన్న అంకె ఎంతో అన్ని పసుపుకి మారతాయి, అంటే రెండు పసుపు ఒక ఆకుపచ్చ. మామూలు కష్టానికి రెండు ఊదా. అన్నీ కలిపి ఒకేసారి వెయ్యడమే. సక్సెస్ ఫెయిల్యూర్ కొట్టేసుకుంటాయి, అడ్వాంటేజ్ థ్రెట్ కొట్టేసుకుంటాయి, రెండూ విడివిడి. అందుకే పని అవ్వకపోయినా మంచి జరగొచ్చు, పని అయ్యాక కూడా చెడు మూడొచ్చు. తలుపు తెరుచుకోలేదు కానీ పక్కన కిటికీ ఉందని కనిపించింది. తలుపు తెరుచుకుంది కానీ అలారం మోగింది. డీ అండ్ డీ నుంచి వచ్చినవాళ్ళకి మొదటి రెండు సెషన్లు కంగారుగా ఉంటుంది, ప్రతిసారీ "ఇప్పుడేం జరిగినట్టు?" అని జీఎమ్ వైపు చూస్తారు. వాళ్ళనే చెప్పమనండి. మూడో సెషన్‌కి మీరు వద్దన్నా చెప్తారు.

బొమ్మల డైస్ దొరక్కపోతే మామూలు 6, 8, 12 మొహాల డైస్‌తో ఆడటానికి కోర్ బుక్‌లోనే పట్టిక ఉంది. ప్రతిసారీ పట్టిక చూడటం విసుగు, నేను మార్కర్‌తో రాసుకున్నా, చెమట చేతులకి మూడు వారాల్లో చెరిగిపోయింది. డిస్కార్డ్ బాట్లు కూడా ఉన్నాయి కానీ ఎదురెదురుగా కూర్చుని ఫోన్లో డైస్ వేస్తే మజా ఏముంది?

సైనిక్‌పురి_స్పై:

ఇంకో మాట, కోర్ బుక్ కన్నా ముందు ఎడ్జ్ బిగినర్ బాక్స్ దొరికితే చూడండి. 2012లో వచ్చింది, అసలు పుస్తకం కన్నా ముందు. అందులోనే ఆ 14 డైస్, చిన్న రూల్‌బుక్, రెడీమేడ్ క్యారెక్టర్లు, ఒక కథ. మాస్ షూటా అనే ఊళ్ళో హట్ గూండాల నుంచి తప్పించుకుని వాళ్ళ ఓడే ఎత్తుకుపోవాలి. ఒక్కో సీనులో ఒక్కో రూల్ నేర్పుతూ పోతుంది, ముందుగా ఏమీ చదవక్కర్లేదు. దాని తర్వాతి కథ లాంగ్ ఆర్మ్ ఆఫ్ ద హట్ కంపెనీ వాళ్ళే ఫ్రీగా పెట్టారు. ఏజ్ ఆడినవాడినై ఉండి చెప్తున్నా, ఈ మూడు ఆటల బిగినర్ బాక్సుల్లోనూ ఇదే బెస్ట్.

ఈసీఐఎల్_కాకా:

ఆ డబ్బా నా దగ్గర ఉంది. క్యారెక్టర్ షీట్ల మీద చాయ్ మరకలున్నయి గాని డైస్ పద్నాలుగుకు పద్నాలుగు ఉన్నయి. ఏఎస్‌రావు నగర్ దిక్కు వస్తే తీస్కపో, ఆడినంక ఇయ్యి. మియాపూర్ నుంచి దూరమే మరి, నీ ఇష్టం.

మియాపూర్_మాస్టర్:

అప్‌డేట్ ఇదిగో.

కాకా దగ్గరికెళ్ళి డబ్బా తెచ్చా, రెండు గంటలు ట్రాఫిక్‌లో, ఇరానీ చాయ్ తాగించి ఓ గంట ఆబ్లిగేషన్ మీద క్లాసు పీకి పంపించారు. ఎడ్జ్ కోర్ బుక్ ఆర్డర్ పెట్టా. ఈలోగా బాక్స్ కథలోకే మా క్యారెక్టర్లని దించేశాం. స్మగ్లర్లలో ఒకడు అప్పు, ఇంకొకడు బ్లాక్‌మెయిల్, ఎన్‌సీసీ వాడు డ్యూటీబౌండ్, బావ తాకట్టు, మరదలు డ్రాయిడ్‌కి కుటుంబం ఆబ్లిగేషన్ తీసుకుంది. డ్రాయిడ్‌కి కుటుంబం ఏంటని అడిగితే, ఒకే ఫ్యాక్టరీలో ఒకే బ్యాచ్‌లో తయారైనవి ఇంకో పదకొండు ఉన్నాయి, అన్నీ రిపేరుకి డబ్బులు అడుగుతుంటాయి అంది. నోరెత్తలేదు నేను.

మొదటి సెషన్‌కి డైస్ వేస్తే 37. లిస్టులో 31 నుంచి 40 బావది! టేబుల్ అంతా అరుపులు. హట్ మనిషి వచ్చి, మీ వస్తువు మా దగ్గర భద్రంగానే ఉంది, నెలాఖరుకి కట్టకపోతే వేలం వేస్తాం, అన్నాడు. నేను అనుకున్నది ఏంటంటే బావ ఏడుస్తాడు, లేదా కొట్లాటకి దిగుతాడు అని. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, అసలెంత, వడ్డీ ఎంత, నూటికి ఎంత చొప్పున, రసీదు చూపించు, అని మొదలుపెట్టాడు. బేరం ఆడటానికి డైస్ వేయించా, పని అవ్వలేదు కానీ అడ్వాంటేజ్ మూడు మిగిలాయి. అవేంటో నువ్వే చెప్పు బావా అన్నా. హట్ మనిషి రసీదు తీసినప్పుడు దాని వెనక గోడౌన్ అడ్రస్ కనబడింది, అన్నాడు.

ఇప్పుడు స్మగ్లర్లిద్దరూ ఓడ దొంగతనం పక్కన పెట్టి గోడౌన్‌కి ప్లాన్ గీస్తున్నారు. కాకా, గోడౌన్ మ్యాప్ ఏమైనా ఉందా మీ దగ్గర? ఆదివారం లోపు కావాలి.